బటన్ మీద బొటనవేలు

ఇప్పటిదాకా నా మాట ఎవరూ వినలేదు. మొన్న క్యాంపస్ సెమినార్ హాల్లోనూ వినలేదు. చిన్న విమానాల భద్రత మీద ప్రసంగం అంటే తార్నాకలోని ఇంటి నుంచి ఎండలో నడిచి వెళ్ళాను. వక్త మా మేనకోడలికి విమానం నేర్పిన పెద్దసారు కాకపోతే వెళ్ళేవాణ్ణి కాదు. ఆయన తెర మీద రెండు విమానాల బొమ్మ చూపించి, "ఒక అమ్మాయి రేడియోల నోరు తెరవలే. ఇంట్ల మూయరు, గాల్ల తెరవరు!" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను చెయ్యి ఎత్తి, భుజం నొప్పి పుట్టేదాకా దించలేదు. టీ వచ్చిందని అందరూ లేచారు. ఈ విశ్వవిద్యాలయంలోనే చరిత్ర చెప్పి రిటైరయ్యాను. నా చెయ్యి ఎవరికీ కనబడకపోవడానికి కారణం నా ఎత్తు కాదు.

మేనకోడలు మా చెల్లెలి కూతురు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల. అది నేర్చుకున్నది పత్తి చేల మధ్య ఉన్న ఒక చిన్న రన్‌వే మీద. అక్కడ కంట్రోల్ టవర్ లేదు. ఎవరు ముందు దిగాలో చెప్పే మనిషి ఉండడు కాబట్టి, "ఇక్కడున్నాను, ఇటు తిరుగుతున్నాను, దిగుతున్నాను" అని గాల్లో ఉన్నవాళ్ళే రేడియోలో ఒకరికొకరు చెప్పుకోవాలి. అందరికీ ఒకటే ఛానెల్. ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటే మిగతావాళ్ళ మాట ఎవరికీ చేరదు. ఇదంతా నాకు అదే చెప్పింది, మా ఇంట్లో ఉప్మా తింటూ, అట్లకాడను రన్‌వే చేసి, రెండు చెంచాలను దాని చుట్టూ తిప్పుతూ. చెంచాలకు ఉప్మా అంటుకుని ఉండటం వల్ల ఆ రన్‌వే కొంచెం పాడైంది.

అది మొదటిసారి ఒంటరిగా విమానం నడిపే రోజు సకినాల డబ్బా పట్టుకుని నేనూ వెళ్ళాను. షెడ్డు కింద పెద్దసారు కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో రేడియో, వీపు విమానాలు దిగివచ్చే వైపు. అప్పుడే ఒక కుర్రాడు ఎగిరెగిరి పడుతూ విమానం దింపాడు. "ఏంరా, బర్రె చెరువుల దిగినట్టు దిగినవ్!" అని సారు రేడియోలో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకి మురిసిపోయి, బటన్ మీద బొటనవేలు తియ్యకుండానే తన కుర్రతనం నాటి సాహసాలు మొదలుపెట్టాడు. ఆయన వెనక రెండు విమానాలు ఒకదాని నెత్తిన ఒకటి దిగుతున్నాయి. పైదానికి తన పొట్ట కింద ఏముందో తెలియదు, కిందిదానికి పైకి చూద్దామంటే తన రెక్కే అడ్డం. "సార్, వెనక్కి చూడండి!" అని అరిచాను. "ఒక్క నిమిషం సార్, మాట్లాడుతున్న గద!" అన్నాడు. ఆ మాట కూడా రెండు విమానాల్లోనూ వినబడింది. పై విమానంలో ఉన్న మేనకోడలు చేల మీద రెండు నీడలు ఒకటవుతుంటే చూసి విమానాన్ని పక్కకి లాగేసింది. మరో చుట్టు తిరిగి వచ్చి దిగింది.

ఆ తర్వాత జరిగిన విచారణలో దాన్ని అడిగింది ఒక్కటే: రేడియోలో ఎందుకు చెప్పలేదు? అక్కడ చెప్పలేనిది తిరిగొచ్చేటప్పుడు నేనడిగితే, "సారు మాట్లాడుతుండె మామా. నడుమల ఎట్ల మాట్లాడాలె? మాట్లాడినా ఎవలికి వినొస్తది?" అంది. రెండో విమానంలోని నల్లకుంట అబ్బాయి కూడా సారు ముగిస్తాడనే ఆగాడట. నేను సాక్ష్యం చెప్తానంటే, "మీరు హిస్టరీ చెప్పెటోళ్ళు, విమానాల సంగతి మీకేం తెలుసు?" అన్నారు. బొటనవేలు చూడటానికి ఏ డిగ్రీ కావాలో చెప్పలేదు. దాని శిక్షణ ఆపేశారు.

ఇప్పుడది ఒక ఆఫీసులో పని చేస్తోంది. నన్ను స్కూటీ మీద ఎక్కించుకున్నప్పుడు ప్రతి మలుపులో హెల్మెట్ లోపల గొణుగుతుంది: "లెఫ్ట్ తిరుగుతున్న... సిగ్నల్ కాడ ఆగుతున్న." వాళ్ళమ్మ వెనక కూర్చున్నప్పుడు "ఎవలికి చెప్తున్నవే పిచ్చిదానా?" అని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

పెద్దసారూ, ఏళ్ళు గడిచినకొద్దీ చూసినవాళ్ళం తగ్గిపోతాం, మైకు ముందు చెప్పినవాళ్ళ మాటే మిగులుతుంది. అందుకే నేను బతికుండగానే అడుగుతున్నాను. మెట్టుగూడ రండి. మా మేనకోడలి ఎదురుగా కూర్చుని, ఆ రోజు అది మాట్లాడకపోవడానికి కారణం ఎవరో మీ నోటితో చెప్పండి.