మా అమ్మాయి మెల్లగా వాయించింది

మా ఊళ్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. గట్టు అవతల మనిషిని తిట్టాలన్నా, ఇంట్లో మజ్జిగ అడగాలన్నా ఒకటే గొంతు. అందుకే నాకు చెవులు పోతున్నాయని చాలా ఏళ్లు నాకే తెలియలేదు. తెలిశాక ఇంకొన్నేళ్లు ఎవరికీ తెలియనివ్వలేదు.

మార్టూరు దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పదిహేను సీజన్లు పనిచేశాను. పత్తిని యంత్రం నోట్లోకి తోస్తే గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడుతుంది. తోసే పని నాది. షెడ్డులో అలాంటి యంత్రాలు వరసగా ఉండేవి. లోపల ఒకరి మాట ఒకరికి అందదు కాబట్టి ఆడవాళ్లం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. సాయంత్రం బయటికొచ్చినా చెవుల్లో యంత్రం తిరుగుతూనే ఉండేది. అన్నం తింటుంటే తిరిగేది, పడుకున్నా తిరిగేది. కొన్నేళ్లకు అది ఆగడం మానేసింది. కొండంత పత్తి మధ్య కూర్చున్నవాళ్లం, చెవిలో ఇంత దూది పెట్టుకోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

చిన్నప్పుడు మా అమ్మాయి నాకు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. గేటు దగ్గర నిలబడి, షెడ్డు చప్పుడుకు సరిగ్గా క్యారేజీ మూత మీద వేళ్లతో వాయించేది. మేం దాన్ని పిల్లచేష్ట అనుకున్నాం. గుంటూరు దగ్గర ఇంజనీరింగు కాలేజీలో చేరాక, ముగ్గురు అబ్బాయిలతో కలిసి బ్యాండు పెట్టామనీ, అందులో డ్రమ్స్ తనవేననీ చెప్పింది. రాక్ బ్యాండు అంది.

"రాక్ అంటే ఏందే?" అన్నాడు మా ఆయన.

"ఇంగ్లీషులో రాయి నాన్నా."

"రాయి కొట్టడానికి గుంటూరు దాకా ఎందుకే? మార్టూరు క్వారీలో అందరూ కొట్టేది అదేగా!"

ఆ ఏడు సెలవులకు వచ్చినప్పుడు వసారాలో రెండు గంగాళాలు బోర్లించి, పక్కన ఖాళీ నూనెడబ్బా, మిరపకాయల గోతం పెట్టుకుని సాధన మొదలుపెట్టింది. గోతం మీద దెబ్బ పడ్డప్పుడల్లా ఘాటు లేచి ఇంటిల్లిపాదికీ తుమ్ములు. మా ఆడపడుచు చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏం వదినా, ఆడపిల్ల చేత డప్పులు కొట్టిస్తున్నావా? దాని పెళ్లికి అదే వాయించుకుంటదా ఏంది?"

నాకు రోషం వచ్చింది. పైగా పొయ్యి దగ్గరికి ఆ చప్పుడు అరకొరగానే అందుతోంది.

"ఇంకా గట్టిగా కొట్టవే! చేతుల్లో బలం లేదా?" అని అరిచాను.

అమ్మాయి నవ్వి గట్టిగా కొట్టింది. "ఇంకా గట్టిగా!" అన్నాను. ఇంకా గట్టిగా కొట్టింది. ఆ సెలవులన్నీ మా ఇద్దరికీ అదే ఆట. తరవాత హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, శనాదివారాలు బ్యాండుతో స్టేజీలెక్కేటప్పుడు, తన దెబ్బకు కర్రలు విరిగేవట. అంత బలంగా కొట్టే అమ్మాయిని చూడలేదని జనం అనేవాళ్లట. మా ఆయన ఆ వీడియోలు నాకు చూపించేవాడు. నేను చేతులు చూసేదాన్ని.

ఫోను దగ్గర నా గుట్టు బయటపడబోయింది. పట్నం వెళ్లాక అమ్మాయి గొంతు తగ్గింది. చెవికి ఎంత అదిమి పెట్టుకున్నా గుసగుసలాగే ఉండేది. "ఆఁ, ఆఁ" అంటూ నెట్టుకొచ్చాను. ఒకసారి తను చాలాసేపు ఏదో చెప్పింది. చివర కాసేపు ఆగింది. నన్నేదో అడిగిందనుకుని, "మంచిదమ్మా, వేడివేడిగా తిను" అన్నాను. ఫోను పెట్టేసింది. ఇక అప్పటినుంచి మోగగానే మా ఆయన చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

మా వీధిలో రిటైరైన టీచరుగారు ఒకరున్నారు. వాళ్లింటికి వెళ్లి, నాకు చెవులు పోయాయని మొదట ఆవిడతోనే చెప్పాను.

"డాక్టరు దగ్గరికి పోవాలి గానీ నా దగ్గరికి వస్తే నేనేం చేస్తానమ్మా?"

"చదవడం నేర్పండి. మా అమ్మాయి ఫోనులో రాసి పంపితే చదువుకుంటాను. నాకు వినపడదని దానికి తెలియకూడదు."

యాభై దాటాక పలక పట్టాను. మధ్యాహ్నం పూట వాళ్ల వరండాలో కూర్చుని దిద్దేదాన్ని. అక్షరాలు వచ్చాయి, గుణింతాలూ వచ్చాయి. వత్తులు మాత్రం నిలిచేవి కావు. "నీ రాతలో వత్తులు మిరపపూత రాలినట్టు రాలిపోతున్నాయి కదమ్మా!" అనేవారు టీచరుగారు. అమ్మాయికి నేను పంపిన మొదటి మెసేజీలో అక్షరాలు నాలుగే. "అమ నేను."

వెంటనే జవాబొచ్చింది. ఆ తరవాత తను ఫోను చేయడమే మానేసింది. అన్నీ రాతలోనే. అంతకుముందు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేదట, నా కోసం తెలుగు అక్షరాల్లో రాయడం నేర్చుకుంది. మాట్లాడదాం అని ఎందుకు అనడం లేదో నేను అడగలేదు. బతికిపోయాను అనుకున్నాను.

ఒక రోజు ఇలా వచ్చింది: "బ్యాండు మానేశానని అప్పుడే చెప్పాను కదా. ఇప్పుడు నేనొక్కదాన్నే ఆల్బమ్ చేస్తున్నాను. జాజ్."

నేను "మంచిదమ్మా" అన్నది దేనికో అప్పుడు తెలిసింది. పదేళ్లు ప్రాణంలా చూసుకున్నది వదిలేశానని చెబితే, వేడివేడిగా తినమన్నాను.

చివరి మాట అర్థంకాక టీచరుగారి దగ్గరికి పట్టుకెళ్లాను. జాజి పువ్వు కాబోలు, గుడి మరిచిపోయింది అనుకున్నాను. కాదట. జ మీద ఉన్నది పొల్లట. జాజ్ అనేది ఒక రకం సంగీతమట, అంతకుమించి ఆవిడకూ తెలియదు. "పొల్లంటే అక్షరానికి ఊపిరి ఆపేయడం" అన్నారు. మాకు పొల్లంటే గింజ లేని పొట్టు. ఇంటికొచ్చేదాకా ఆ మాటే నోట్లో నానింది.

మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో అమ్మాయి వచ్చింది. ఆల్బమ్ పూర్తయింది, జనం వినకముందు నేను వినాలంది. కల్లం పక్క పాకలో మంచం మీద కూర్చోబెట్టి, నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు పూర్తిగా పెంచింది. ఎదురుగా గోతం మీద కూర్చుని నా మొహమే చూస్తోంది. వినపడకపోతే ఏం చెప్పాలి?

వినపడింది. చాలావరకు. మొదటిదాంట్లో ఎవరో కాలితో ఎండుమిర్చిని తిరగేస్తున్నట్టుంది. డ్రమ్ము మీద కర్రలతో కొట్టకుండా, తీగల కుంచెతో రాసిందట. రెండోదాంట్లో ఒక దెబ్బ పడితే, ఇక పడదేమో అనుకున్నాక ఇంకొకటి పడేది. ఇంకోదాంట్లో ఎవరో బూర ఊదారు, పాట మధ్యలో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలా. ఆ బూర పక్కన మెల్లగా టకటకమని రేకు చప్పుడు. క్యారేజీ మూత అని పోల్చుకున్నాను. గట్టి దెబ్బ ఒక్కటి లేదు. ఇది మా అమ్మాయేనా అనిపించింది.

చివరిదాంట్లో ఏమీ లేదు. కాసేపు చూసి హెడ్‌ఫోన్లు తీయబోయాను. తీయొద్దని చెయ్యి అడ్డం పెట్టింది. అది అయిపోయాక తనే తీసి, నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఏం వినపడింది?"

"ఏముంది అందులో? నా చెవుల్లో రొద తప్ప ఏం లేదు."

"ఏం రొద?"

నోరు జారాను. "ఎప్పుడూ ఉండేదేలే. మిల్లు రొద. కీ అని."

అమ్మాయి ఫోను తీసి రాసింది. నా ఒళ్లో ఉన్న ఫోనులో పడింది.

"అది నేను పెట్టిందేనమ్మా. నాకు మూడేళ్లనుంచి వినపడేది అదే. రెండు చెవులూ తగ్గాయి. పెద్ద చప్పుళ్ల మధ్య ఇంకా వాయిస్తే మొత్తం పోతాయని డాక్టరు చెప్పాడు. అందుకే బ్యాండు మానేశాను. ఫోనులో నీ మాట అందేది కాదు. నువ్వు చదవడం నేర్చుకుంటే బతికిపోయాననుకున్నాను."

నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవాలి. ముందు మాటలు చదువుతుండగానే తరవాతివి ఏమొస్తాయో తెలిసిపోయింది. నా సంగతి నేనూ రాశాను. రాయడానికి నాకు చాలాసేపు పట్టింది, తను అంతసేపూ ఎదురుచూసింది. చదివి, ముందు నవ్వింది. తరవాత ఏడ్చింది. ఆ చివరిదాంట్లో నాకు వినిపించిన రొద తనదో నాదో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

మా ఆయన మిరపకాయలు తిరగేసి నీళ్లకోసం వచ్చాడు.

"ఎదురెదురుగా కూచుని ఫోన్లలో మాట్లాడుకుంటారేందే? నోళ్లు పడిపోయినాయా?"

"నోళ్లు కాదు నాన్నా, చెవులు!" అని అరిచింది అమ్మాయి.

"ఏంది?" అన్నాడు. ఆయన వినపడక అడిగాడో, అర్థంకాక అడిగాడో నాకు తెలియలేదు. నీళ్ల చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

సాయంత్రం అమ్మాయి ఒక తెల్లకాగితం, నల్లసిరా పెన్ను ఇచ్చింది. ఆల్బమ్ అట్ట మీద ఒక్కోదాని పేరు నా చేత్తో రాయాలట. తను చెబుతుంటే రాశాను. కల్లం. క్యారేజీ. షెడ్డు. చివరిదానికి పేరు పెట్టలేదంది. "నువ్వే పెట్టు."

వసారాలో గంగాళాలు అక్కడే బోర్లించి ఉన్నాయి. ఆనాడు నాకు వినపడటం లేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఇది మిల్లు రొద వల్ల వచ్చింది, నువ్వు చెవులు జాగ్రత్త అని ఉంటే, తను ఏదో ఒకటి చేసుకునేది. చదువుకున్న పిల్ల. నేను దాచుకోవడమే కాకుండా, నాకు వినపడేదాకా కొట్టించాను. ఆ మాట నోటితో చెప్పలేక, చివరి వరసలో "ఇంకా గట్టిగా" అని రాశాను. అలా రాశాననే అనుకున్నాను.

అమ్మాయి కాగితం అందుకుని చదివింది. కాసేపటికి నా పక్కన కూర్చుని, చెవిలో చెప్పింది.

"నువ్వు నవ్వుతున్నావని కొట్టేదాన్నమ్మా."

నీ తప్పు లేదు అని మాత్రం అనలేదు. నేనూ అనిపించుకోవాలని చూడలేదు. ఇద్దరం లేచి, మంచు పడకముందే కల్లం మీద పట్టాలు కప్పడానికి వెళ్లాం.

ఆల్బమ్ బయటికొచ్చింది. అందరి ఫోన్లలోనూ దొరుకుతుందట. పాత బ్యాండును మెచ్చుకున్నవాళ్లు, ఇదేం వాయించడం, నిద్రొస్తోంది అని రాశారట. కొందరు మాత్రం చాలా మంచి మాటలు రాశారని అమ్మాయి చెప్పింది, కొందరంటే ఎందరో చెప్పలేదు. మా ఆడపడుచు చివరిది పెట్టుకుని విని, "ఫోను చెడిపోయింది వదినా, ఏం రావట్లా" అంది.

టీచరుగారు అట్ట బొమ్మను వేళ్లతో పెద్దది చేసి నా రాత చదివారు. చివరి వరస దగ్గర ఆగారు.

"గట్టిగా అని కదమ్మా రాయాల్సింది? గటిగా అని రాశావు. వత్తేదీ?"

ఊరందరి ఫోన్లలో నా తప్పు. వెంటనే అమ్మాయికి మెసేజీ పెట్టాను, వత్తు పోయింది, మార్పించమని.

"అప్పుడే చూశాను. ఉండనీ అమ్మా" అని జవాబొచ్చింది.

పోయిన నెల మళ్లీ పరీక్ష చేయించుకుంది. మెసేజీ వస్తే మా ఆయన చదవలేడు, కళ్లజోడు లేదంటాడు. నేనే చదివాను. "ఎడమ చెవి ఇంకొంచెం తగ్గింది. కుంచెలతో కూడా కొన్నాళ్లు ఆపమన్నారు."

చెవుల్లో దూది పెట్టుకో అని రాసి, చెరిపేశాను. దేవుడున్నాడు అని రాసి, అదీ చెరిపేశాను. నాకు పొల్లు కాని మాట ఒక్కటి కూడా దొరకలేదు. అవతల తను ఎదురుచూస్తూ ఉంటుంది. చివరికి, తినావా అని పడింది. వెనక్కి వెళ్లి, న కింద వత్తు పెట్టి, పంపాను.