పంచదార ఎంత?

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో నాకు కంప్యూటర్ పని నేర్పిన మాస్టారికి టీలో పంచదార ఎంతో రోజూ అడగాల్సిందే. నిన్నటిలాగే కదా అని కలిపిచ్చేస్తే ముట్టుకునేవారు కాదు. "ఊహించొద్దమ్మా, అడుగు," అనేవారు. నాకు ఒళ్లు మండేది.

ఏ ర్యాకులో ఎవరి బస్తాలున్నాయో చూపించే ప్రోగ్రాము కోసం ఆ ఏడాది ఆయన ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఫ్రేమ్‌వర్క్ ఒకటి, ఎవరో సగం రాసిపెట్టిన ప్రోగ్రాము లాంటిది, తెచ్చి పెట్టారు. అదేమో ఊహించేది. మొదటి రైతు బస్తాల మీది గుర్తు అంకె అయితే ఇక అందరివీ అంకెలే అనుకుని, అక్షరాలున్న చోట ఖాళీ వదిలేసేది. తప్పు జరిగిందని ఒక్క ముక్క చెప్పేది కాదు.

అద్దంకి వైపు నుంచి కౌలుకు చేసుకునే ఒకావిడ సరుకు తెచ్చేది. చనిపోయిన మొగుడి పేరులో రెండక్షరాలు బస్తాల మీద ఎర్రరంగుతో రాయించేది. ఆ రోజు లిస్టు తీసింది నేనే. ఆవిడ ర్యాకుకు ఎదురుగా ఖాళీ కనిపించింది. పక్క రైతువే అయ్యుంటాయిలే అనుకుని అతని పేరు రాసిచ్చాను. హమాలీలు అతని లారీకెత్తేశారు. సరుకు ఏ మిల్లులో కారమైపోయిందో మళ్లీ తేలలేదు.

"అంత పెద్దగా రాయించానే, కనపళ్లేదా అయ్యా?" అంటూ ఆవిడ గుమ్మంలోనే కూలబడింది.

"నా తప్పేనమ్మా," అన్నారు మాస్టారు. నా పేరెత్తలేదు.

అది ఊహించకుండా అడిగేలా మార్చమని ఆ ఫ్రేమ్‌వర్క్ రాసినవాళ్లకు చాన్నాళ్లు మెయిల్ మీద మెయిల్ పెట్టారు. జవాబు రాలేదు. ఒకరోజు టీ కలుపుతూ, పంచదార ఎంతని అడిగాను.

"నీకెంత తోస్తే అంత వెయ్యమ్మా," అన్నారు, తలెత్తకుండా.