కుడి వైపు మీట

ఈ ఏడాది మామిడి పూత మొదలైనప్పటి నుంచి కాయ కోతకొచ్చేదాకా నేను నా సైకిలు కుడి వైపు గేరు మీటతో పోట్లాడాను. ఓడిపోయింది నేనే. యాభై దాటిన జీవశాస్త్రం టీచరుకి గేరు మీటతో పనేమిటని మీరు అడగొచ్చు. మా స్టాఫ్ రూములో అందరూ అడిగారు, కొందరు రెండేసి సార్లు అడిగారు.

మా ఇల్లు నూజివీడులో, బడి ఆగిరిపల్లి ఇవతల ఒక పల్లెలో. మధ్యలో పదిహేను కిలోమీటర్లు, దాదాపు అంతా మామిడి తోటలే. ఆరేళ్ళ క్రితం విజయవాడలో ఉండే మా తమ్ముడు కొత్త సైకిలు కొనుక్కుని పాతది నాకు తోసేశాడు. దూరప్రయాణాలకి తయారుచేసిన సైకిలది. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, వెనక సామాను స్టాండు, తొమ్మిది గేర్లు. చీర కట్టుకుని ఎలా తొక్కుతావన్నారు మా ఆయన. చుడీదార్లు కుట్టించుకున్నాను. ఊరు ఓ నెల రోజులు నన్ను వింతగా చూసింది, తర్వాత విసుగొచ్చి మానేసింది.

పొద్దున గంటా, సాయంత్రం గంటా నన్నెవరూ ఏదీ అడగరు. ఇంట్లో వంటా, బళ్ళో రికార్డులూ, ఫోనులో యాప్‌లూ. మరుగుదొడ్లు కడిగారో లేదో ఫొటో తీసి పంపాల్సింది కూడా మేమే. ముప్ఫై ఏళ్ళుగా అలిసిపోయే ఉన్నాను కాబట్టి అలసట గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ రెండు గంటలూ పోతే మాత్రం నాదంటూ ఇంకేం మిగలదని నాకు బాగా తెలుసు. ఆ మీట మీద అంత పట్టుదల అందుకే.

ఈ రకం సైకిల్లో బ్రేకూ గేరూ ఒకే మీటలో ఉంటాయి. మీటని దగ్గరికి లాగితే బ్రేకు పడుతుంది. అదే మీటని వేళ్ళతో పక్కకి, లోపలికి తోస్తే గేరు తేలికవుతుంది. మెరక ఎక్కేటప్పుడు కావలసింది ఆ తోపే. జనవరిలో ఒకరోజు మెరక మొదట్లో తోశాను, కదల్లేదు. మళ్ళీ తోశాను. మూడోసారికి ఒక్క గేరు దిగింది, అప్పటికి నా ఊపిరి అయిపోయింది. దిగి నడిపించుకుంటూ పోతుంటే తోట కౌలుకి తీసుకున్నాయన మోటారుసైకిలు ఆపి, “ఎక్కండి టీచరుగారూ, దింపేస్తాను” అన్నాడు. సైకిల్నేం చెయ్యను, నెత్తిన పెట్టుకోనా?

తమ్ముడికి ఫోన్ చేశాను. “లోపల గ్రీజు గట్టిపడి ఉంటుందక్కా, స్ప్రే కొట్టు” అన్నాడు. డబ్బా మొత్తం కొట్టాను. వరండా అంతా నూనెయింది, మా ఆయన జారి గోడ పట్టుకున్నారు. మీట మాత్రం అలాగే ఉంది.

“అయితే మార్చెయ్యాలి. మూడు రకాలున్నాయక్కా” అని తమ్ముడు మొదలుపెట్టాడు. ఇప్పుడున్నలాంటిదే కొత్తది ఒక రకం. తొమ్మిది గేర్లకి సరిపోయేది ఇప్పుడు దొరకడం కష్టమట. హ్యాండిలు చివర పుల్లలా పొడుచుకొచ్చేది రెండోది. దాన్ని అరచేత్తో కూడా తిప్పొచ్చు, టకటకమని గేరు పడదు, చూసుకుంటూ జరుపుకోవాలి. ఇక మూడోది ఫ్రేము కింది గొట్టానికి బిగించే చెవిలాంటి చిన్న మీట. టిప్పర్ లారీ పక్కనుంచి దూసుకుపోతుంటే నేను ఒక చెయ్యి వదిలేసి, వంగి, మోకాళ్ళ మధ్య చెవి మెలిపెట్టాలి. ఎవరి బుర్రలో పుట్టిందో ఆ ఆలోచన.

ఏది ఎంచుకోవాలా అని రెండు నెలలు ఆలోచించాను. తమ్ముడు రోజూ ఫొటోలు పంపేవాడు, ఒక్కో ఫొటో కింద ఒక్కో వ్యాసం. మా ఆయన అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, “స్కూటీ కొందాం, కరెంటుది, తేలిగ్గా ఉంటుంది” అనేవారు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చివరికి ఉన్నలాంటిదే కావాలని పట్టుబట్టాను. పుల్ల మీట ముసలివాళ్ళకని నా మనసులో ఏదో పడిపోయింది. తమ్ముడు ఎక్కడెక్కడో వెతికి, వాడని పాత స్టాకు ఒకటి సంపాదించి పంపాడు.

మా ఊళ్ళో గేర్ల సైకిలంటే భయపడని మెకానిక్కు ఒక్కడే. అరవై దాటిన మనిషి, నేను బాబాయ్ అంటాను. ఆయనచేత బిగించుకుని, ఒంటిపూట బడులు మొదలైన వారంలో కొత్త మీటతో బయల్దేరాను. మెరక దగ్గర తోశాను. అదీ కదల్లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. రోడ్డు మీద, తోటల మధ్య, ఎవరూ లేరు కదా అని గట్టిగానే తిట్టాను. మీటని, తమ్ముణ్ణి, మెకానిక్కుని, అందర్నీ వరసబెట్టి తిట్టాను.

బడి అయ్యాక తిన్నగా షాపుకి వెళ్ళాను. “మీ బిగింపే సరిగా లేదు బాబాయ్” అన్నాను, కాస్త దురుసుగానే. ఆయన సైకిలు అందుకున్నాడు. వెనక చక్రం గాల్లో ఉండేలా సీటుని తాడుతో కొక్కేనికి వేలాడదీసి, ఒక చేత్తో పెడలు తిప్పుతూ రెండో చేతి వేలితో మీట తోశాడు. టక్, టక్, టక్. తొమ్మిది గేర్లూ వెళ్ళాయి, తొమ్మిదీ వెనక్కి వచ్చాయి.

“ఇప్పుడు మీరు తొయ్యండమ్మా.”

తోశాను. వేళ్ళన్నీ పెట్టి తోశాను. మణికట్టు తిరిగింది, భుజం కూడా తిరిగింది, మీట మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆయన మీట వంక చూడనేలేదు. “ఓసారి ఆ చెయ్యి చూపించండి” అన్నాడు. చాపాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక వైపు, కండ ఉబ్బెత్తుగా ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. ఎడమ చెయ్యి పక్కన పెట్టి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. రోజూ గాజులు తొడుక్కునే చెయ్యి, సుద్దముక్క పట్టుకునే చెయ్యి. నేను చూడలేదు.

మోచేతి కింద అరచేతంత మచ్చ ఒకటుంది. దాన్ని చూపించి, “ఇదేంటండీ?” అన్నాడు.

“సొన బాబాయ్. రెండేళ్ళ కిందట మా చెట్ల కాయలు కోయిస్తుంటే ముచ్చిక విరిగి చిమ్మింది.”

మా వైపు సొన పడని ఒళ్ళు ఉండదు. కాయ తొడిమ తెగిన చోట కారే ఆ పాలు పడితే చర్మం పొక్కిపోతుంది. చేతి మీద మచ్చ కనపడితే సొనేలే అనుకుంటాం, ఎవరూ ఎవర్నీ అడగరు.

“సొన మచ్చ నల్లగా మాడినట్టుంటుందమ్మా, ఏడాది తిరిగేసరికి పోతుంది. ఇది తెల్లగా పాలిపోయింది.” పక్కనున్న పాత చువ్వ ఒకటి తీసుకుని దాని కొసతో మచ్చ మీద నొక్కాడు. “తెలుస్తోందా?”

తెలియలేదు.

బల్ల మీద కూర్చుని ట్యూబు కోసం చూస్తున్న మనిషిని ఏదో పని చెప్పి పంపేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “మా అమ్మకి ఇలాగే మొదలైందండి. వేళ్ళు వంకర పోయాక తోటలో కాపలా పాకలో ఉంచాం. అన్నం నేనే పట్టుకెళ్ళేవాణ్ణి. దూరంగా పెట్టేసి వచ్చేవాణ్ణి. ఇప్పుడు మంచి మందులున్నాయటమ్మా. రేపూ ఎల్లుండీ అనకుండా ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి.”

ఆయన ఆ పేరు పలకలేదు. నేను పలకగలను, అది నా పాఠంలోనే ఉంది. ఏటా జనవరి ఆఖర్లో బళ్ళో పిల్లలందర్నీ నిలబెట్టి కుష్టు వ్యాధి గురించి ప్రతిజ్ఞ చేయించేది నేనే. స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాచకూడదని వాళ్ళచేత గొంతెత్తి చెప్పించాను. మీట మొరాయించింది సరిగ్గా ఆ నెలలోనే. నెలకోసారి చిటికెనవేలు కాలి పొక్కుతుంటే కుక్కరు తొందరలో తగిలిందనుకున్నాను. భయం కంటే ముందు నాకు సిగ్గేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా మోచేయి వంచి వెనక తడిమారు. అక్కడ నరం తాడులా లావెక్కిందట. వేళ్ళని పక్కలకి కదిలించేది ఆ నరమే. లాగడానికి వేరే నరం ఉంది కాబట్టి బ్రేకు పడుతోంది, పక్కకి తోయడం పోయింది. ఏడాదిపాటు బిళ్ళలు వాడాలి, నరం వాపుకి వేరే మందు. “మందు మొదలుపెట్టాక మీవల్ల ఎవరికీ రాదు. జబ్బు తగ్గిపోతుంది. చెయ్యి ఎంతవరకు వస్తుందో కొన్నాళ్ళయితే గాని చెప్పలేను. ముందే వచ్చుంటే బాగుండేది” అన్నారు.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. “ఎవరికీ చెప్పకు” అన్నారు. ఆ పూట స్కూటీ మాట ఎత్తలేదు. నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

ఎవరికీ చెప్పలేదు. సైకిలు వరండాలో పెట్టేసి బస్సులో బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. బస్సులో అందరూ అన్నీ అడుగుతారు. ఆ బిళ్ళలకి ఒళ్ళు నల్లబడుతుంది. “ఇన్నాళ్ళూ ఎండలో సైకిలు తొక్కీ తొక్కీ ఇలా అయిపోయారు మేడం” అన్నారు స్టాఫ్ రూములో. అవునన్నాను. అబద్ధాలాడటం నాకు ఇంత సులువుగా వస్తుందని అనుకోలేదు. తమ్ముడు పాపం, కొత్త మీట కూడా పనిచెయ్యలేదంటే తన తప్పేననుకుని మళ్ళీ ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు. చూద్దాంలేరా అనేదాన్ని.

చూస్తూనే ఉన్నాను కూడా. రోజూ పొద్దున కాఫీకి ముందు వరండాలో సైకిలు దగ్గర నిలబడి కుడి మీట మీద వేళ్ళు పెట్టి తోసేదాన్ని. వేళ్ళకి రబ్బరు బ్యాండు తగిలించి లాగేదాన్ని, గోరువెచ్చని నీళ్ళలో పెట్టేదాన్ని. ఒకరోజు కాస్త కదిలినట్టనిపించి ఆ పూటంతా సంతోషంగా పాఠం చెప్పాను. మర్నాడు చూస్తే అది నా భుజం కదలికే. చెయ్యి వచ్చేస్తుంది, వచ్చేస్తే ఏ మీటా మార్చక్కర్లేదు. ఆ ఒక్క ఆశతో ఏ నిర్ణయమూ చెయ్యకుండా అయిదారు నెలలు గడిపేశాను.

వినాయక చవితి వెళ్ళిన వారం మళ్ళీ పరీక్ష. డాక్టరమ్మ దగ్గర ఒక కాడకి సన్నటి నైలాను దారం ముక్క బిగించి ఉంది. “కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా అవుననండి” అన్నారు. ముందు ఎడమ చెయ్యి. అవును, అవును, అవునని గడగడా చెప్పేశాను. తర్వాత కుడి చెయ్యి బల్ల మీద పెట్టించారు. బొటనవేలు, అవును. చూపుడువేలు, అవును. నడిమివేలు, అవును. ఉంగరం వేలి కోసం ఎదురుచూశాను. బయట ఎవరో చీటీల వరస గురించి గొడవ పడుతున్నారు. ఆవిడ అటు వెళ్ళారేమో అనుకున్నాను. ఇంకాసేపు చూశాను.

“కానివ్వండి డాక్టరుగారూ” అన్నాను.

“అయిపోయిందమ్మా, కళ్ళు తెరవండి. ఆ చివరి రెండు వేళ్ళకీ చాలాసార్లు పెట్టాను.”

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. తమ్ముడికి ఫోన్ చేశాను.

“ఆ రెండో రకం పంపరా. హ్యాండిలు చివర పెట్టేది.”

“హమ్మయ్య, తేల్చావా! కుడి వైపుకేగా?”

“కాదు. ఎడమ వైపుకి.”

“వెనక గేరు ఎప్పుడూ కుడి చేతికే ఉంటుందక్కా. ఎడమ వైపు ఎవరూ పెట్టించుకోరు.”

“నేను పెట్టించుకుంటాను. బిగించడం కుదురుతుందా లేదా, అది చెప్పు.”

“కుదురుతుంది గానీ... ఏమైందక్కా?”

మెట్ల మీద నా పక్కన ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. గొంతు తగ్గించకుండా, జబ్బు పేరుతో సహా చెప్పాను.