మంచుకు ఊరి పేరు

ఇది మొదలైంది జూన్ మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగుంబావుకు. పంచలో నేనూ మా తోడికోడలూ విత్తనానికి చెనిక్కాయలు వలుస్తున్నాం. వాన జాడ లేదు. వచ్చిన రోజుకు విత్తనం సిద్ధంగా ఉండాలి కదా.

మనవరాలు ఫోన్ చూసి చెప్పింది. దక్షిణ ధ్రువంలో కొండంత మందాన మంచు ఏర్లున్నాయట, కంటికి తెలియనంత మెల్లగా సముద్రంలోకి జారుతుంటాయట. భూమికి ఇంకో కొసన ఉన్న దేశంవాళ్లు వాటికి తమ చిన్న చిన్న ఊళ్ల పేర్లు పెట్టారట.

మన ఊరి పేరు పెడితే ఆ మంచు కూడా ఎండిపోతుందన్నాను. మా తోడికోడలు నవ్వలేదు.

"అయితే అది గూడా నా మాదిరి కోడలే," అంది.

ఆమె పుట్టినూరు పేరు యాడికి. ఊరంతా యాడికామె అంటారు, నేను యాడికక్క అంటాను. ఆమె పేరూ మా అత్త పేరూ ఒకటే. అత్త పేరు కోడళ్లు నోటితో అనకూడదు. తన పేరు పెట్టి కోడలిని తిట్టడం అత్తకూ కుదరదు. అందుకని ఈ ఇంటికి వచ్చిన రోజే పుట్టినూరు ఆమెకు పేరైంది. ఆరేండ్లకు నేను వచ్చాను. నా పేరు ఎవరికీ అడ్డం కాలేదు, నాకు మిగిలింది.

"అంతకు ముందు దాని పేరేమంట?" అని ఆమె పిల్లను అడిగింది.

"ముందు పేరే లేదంట జేజీ. ఆడ మనుషులే లేరు గదా."

"నాకుండ్య," అని నా వైపు తిరిగింది. "మ్మే, నువ్వొకసారి పిలువు. మా నాయన పోయినంక ఎవురూ పిల్చలేదు."

"అత్త పేరెత్తమంటావా? వాన రాకుంటే అందరూ నా మింద పడతారు," అన్నాను. అప్పటికి అత్త పోయి ఇరవై రెండేండ్లు. ఆమె పోనీలే అని ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుంది.

గురువారం పొద్దున గిన్నెలు తోమే జాలాడి దగ్గర పడిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది, మాట లేదు. అనంతపురం ఆసుపత్రిలో నర్సు, పేరు పెట్టి పిలవండమ్మా, వినపడితే కన్ను తెరుస్తారు అంది. చెవి దగ్గరికి వంగాను. పేరు నాలుక మీదికి వచ్చింది. యాడికక్కా అన్నాను. మళ్లీ అదే అన్నాను. కన్ను తెరవలేదు. చివరికి అసలు పేరు అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే, పక్కనున్న నర్సు ఏమన్నారని నన్ను అడిగింది.

శనివారం ఉదయం పదీ నలభైకి ఆమె పోయింది.

మిగిలిన కాయలు నేనే వలిచాను. తర్వాతి వారం వాన పడింది. ఆ పేరు ఇక్కడైనా రాద్దామని కూర్చున్నాను, చేయి రాలేదు.

పోయినవి: ఒక మనిషి, వాళ్ల నాయన పెట్టిన పేరు, నోరు తెరిచి అడిగిన ఒక్క పిలుపు.