బూజు మామయ్య కొత్త మందు

మా బంధువుల్లో ఒక డాక్టరున్నాడు, ఇద్దరు లాయర్లున్నారు, నేనున్నాను. నన్ను పిల్లలు బూజు మామయ్య అంటారు. పద్నాలుగేళ్లుగా ఆసుపత్రి ప్రయోగశాలలో గాజు పళ్లేల నిండా బూజు పెంచడమే నా ఉద్యోగం. ఇంట్లో బూజు దులపమంటే మాత్రం నడుం నొప్పి వస్తుంది.

నేను పెంచే బూజు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జోలికి రాదు. క్యాన్సర్ మందులవల్లో, కిడ్నీ మార్పిడివల్లో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దొరికితే చాలు, ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టేస్తుంది. దాన్ని చంపే మందులు కొన్నే. వాటిలోనూ కొన్నిటికి లొంగడం మానేసింది. అందుకే ప్రయోగశాల నడిపే మా మేడమ్ మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి రసాలు తీసి పరీక్షిస్తున్నారు. రసంలో తడిపిన కాగితపు బిళ్లను బూజు చల్లిన పళ్లెంలో పెడతాం. రసంలో పస ఉంటే బిళ్ల చుట్టూ బూజు మొలవదు. రెండువందల పదకొండు రసాలు అయ్యాయి, ఏమీ లేదు. రెండువందల పన్నెండోదానికి, నా చేతుల మీదుగా, బొత్తామంత ఖాళీ కనిపించింది!

మళ్లీ చేశాను, మళ్లీ వచ్చింది. ఇక నేను నేల మీద నడవలేదు. క్యాంటీన్లో చెప్పాను, లిఫ్టులో చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను. ఇంట్లో అద్దం ముందు నిలబడి సన్మానసభలో చేయబోయే ప్రసంగం సాధన చేశాను.

"ముందు ఆ గుండీలు సరిగ్గా పెట్టుకోండి," అంది మా ఆవిడ.

మేడమ్ స్వయంగా చేసి చూశారు. ఏమీ రాలేదు.

"మీరు చేస్తే వస్తోంది, నేను చేస్తే రావట్లేదు. ఏమిటంటారు?"

"హస్తవాసి మేడమ్," అన్నాను వినయంగా.

ఆ సాయంత్రం మా ఆవిడ ఒక ట్యూబు తెచ్చి నా ముందు పెట్టింది. "వేలికి మందు రాసుకున్నారా? ఆ తామర పిల్లకి అంటిస్తారు."

ట్యూబు మీది అక్షరాలు చదివాను. తామరా బూజు జాతిదే. నేను రోజూ రాసుకుంటున్నది బూజును చంపే మందు. బిళ్లలు ఒకదానికొకటి అంటుకుపోతే గ్లౌజు తీసేసి, ఆ వేలి గోటితోనే విడదీశాను. రెండోసారి వాడినవీ అలా విడదీసి డబ్బాలో ఉంచినవే. మేడమ్ కొత్త డబ్బా విప్పారు.

మర్నాడు ఏ రసమూ లేని బిళ్లల్ని అదే వేలితో ముట్టుకుని పళ్లెంలో పెట్టాను. రెండు రోజులకు చక్కగా బొత్తామంత ఖాళీ. నేను కనిపెట్టిన మందు వీధి చివర షాపులో ఎప్పట్నుంచో దొరుకుతోంది.

మేడమ్‌కి చెప్పడానికి మెట్లెక్కుతుంటే, వార్డులో ఉన్న ఒక వడ్రంగి భార్య ఎదురొచ్చింది.

"అన్నయ్యా, కొత్త మందు కనిపెట్టారట కదా? మా ఆయనకి ఏదీ పనిచేయట్లేదు. ఇప్పించండి."

"అది మందు కాదమ్మా. నా పొరపాటు. తొందరపడి ఊరంతా చెప్పుకున్నాను."

ఆవిడ తిడితే బాగుండేది. "అలాగా," అని పక్కకు జరిగింది.

మేడమ్ కూడా తిట్టలేదు. అంతా విని, "ఆ వడ్రంగి కఫం పరీక్ష ఏమైంది?" అన్నారు. అతని ఒంట్లోని బూజు ఏ మందుకు లొంగుతుందో నేను తేల్చాల్సిన పరీక్ష అది. నా కొత్త మందు గొడవలో ఆ కఫం మూడు రోజులుగా ఫ్రిజ్‌లో మూలుగుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు చేతులకూ గ్లౌజులు తొడుక్కుని అప్పుడే మొదలుపెట్టాను. వాడుతున్న మందుకు లొంగదని, పాత ఇంజెక్షనొకటి పనిచేస్తుందని తేలింది. అది కిడ్నీలను ఇబ్బంది పెట్టే రకం. డాక్టర్లు రోజూ రక్తం పరీక్షించుకుంటూ ఇచ్చారు. ఆరు వారాలకు వడ్రంగి తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు. వెళ్లేముందు మా గదికి వచ్చాడు.

"మీ పరీక్ష వల్లే మందు మార్చారటండీ."

"మూడు రోజులు ఆలస్యం చేసిందీ నేనే," అన్నాను. దాచుకుంటే నిద్ర పట్టదని చెప్పేశాను.

అతను నన్నోసారి ఎగాదిగా చూశాడు. "ఒకాయన తలుపులు మూడు నెలలు ఆలస్యం చేశాను నేను. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు," అన్నాడు.

"మీరూ తిట్టండి."

"ఆయాసం పూర్తిగా తగ్గాక వచ్చి తిడతాలెండి," అని భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.