గేటుకు కట్టిన గొట్టం

ఆమెను వీధిలో అందరూ గునపం పిన్ని అంటారు. బంకమట్టి పెరళ్ళలో నిలిచిపోయే వాననీటిని బయటికి పంపే కాలువలు తవ్వడం ఆమె వృత్తి. భర్త పోయాక అన్నతో కలిసి ఆ పనే చేసింది. ఒక వర్షాకాలం అన్న వేసిన కాలువలు పూడుకుపోయాయి. ఆయన ఇంటింటికీ తిరిగి, అవి చెల్లెలు పాడుచేసినవని చెప్పి, తన పని నిలుపుకున్నాడు. ఆ తర్వాత పిన్నిని పిలిచినవాళ్ళు లేరు. హోటల్లో గిన్నెలు తోమి పిల్లల్ని పెంచింది. తోముతున్నంతసేపూ అన్న మెడే చేతిలో ఉందనుకునేదాన్నని నాతో నవ్వకుండా చెప్పింది.

మా పెరటి కాలువ కూడా ఆ అన్న వేసిందే. ఏడాది తిరక్కుండానే మడమ మునిగేలా నీళ్ళు నిలిచాయి. మా పాప అప్పుడే నడక నేర్చింది. పసిపిల్లలు మునగడానికి జానెడు లోతు కూడా అక్కర్లేదని చదివాక నేను పెరటి తలుపుకు ఇంకో గడియ బిగించాను. అన్నకు కబురు పెడితే మట్టి మంచిది కాదన్నాడు. చివరికి పిన్నిని పిలిచాను. కాలువ ఎవరు వేశారో చెప్పగానే గునపం భుజాన వేసుకుని నాకంటే ముందు నడిచింది.

తవ్వితే కాలువ అడుగున కంకరలో పూడ్చిన గొట్టం బయటపడింది; నీరు లోపలికి దిగాల్సిన దాని చిల్లులు పైకి ఉన్నాయి. నేలలో ఊరే నీరు కందకం అడుగు నుంచి పైకి వస్తుంది కాబట్టి చిల్లులు కిందికి ఉండాలి. కంకర చుట్టూ మట్టిని ఆపే గుడ్డ ఉండాలి, అదీ లేదు. ఆ గుడ్డ దండగని అన్న ఎప్పుడూ వాదించేవాడట. గొట్టం నిండా బంకమట్టి బిగిసిపోయింది. పిన్ని దాన్ని విరగకుండా పైకి తీసి, కడగకుండా, వీధివైపు మా గేటుకు తీగతో కట్టేసింది. పక్కన అట్టముక్క మీద 'మా అన్న చేతి పని' అని రాసింది.

గొడవలవుతాయేమోనని నసిగాను.

"అవ్వాలనే కదా కట్టింది," అంది.

సాయంత్రానికి అన్న రానే వచ్చాడు. ఒక కడుపున పుట్టినవాళ్ళం, పరువు తియ్యొద్దన్నాడు. తప్పయిందన్నాడు.

"నాకెందుకు చెప్తావు అన్నయ్యా? ఎదురింటి టైలరమ్మకు చెప్పు. నువ్వు నామీద మొదట చెప్పింది ఆ గుమ్మంలోనేగా."

ఆయన వీధి దాటాడు. టైలరమ్మ మిషను ఆపి బయటికొచ్చింది. ఆయన తల దించుకుని ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు. ఆవిడకు మిషను చప్పుడు అలవాటు," అంది పిన్ని ఇటునుంచి.

ఆ కాలువలు తనే పాడుచేశానని ఆయన వీధంతా వినేలా చెప్పాడు. వెనక్కొచ్చి తీగ విప్పబోతే పిన్ని గునపం అడ్డం పెట్టింది.

"ఇంకా చాలా ఇళ్ళున్నాయి."

"అందరికీ చెప్తే నన్నెవరు పనికి పిలుస్తారే?"

"నన్నూ పిలవలేదు. బతికే ఉన్నాగా."

అన్న నావైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను పాపను ఎత్తుకుని పక్కకు తప్పుకున్నాను. ఆయన పక్కింటి గేటు దగ్గరికి నడిచాడు. తలుపు తట్టి, అది తెరుచుకుని, మాట మొదలయ్యేదాకా పిన్ని కదల్లేదు.