మూడో స్తంభం దగ్గరి పాట

ముందు గాలి వినిపించింది. చెట్ల గాలి కాదు, ఇత్తడి గొట్టంలోంచి పోతున్న మనిషి ఊపిరి. ఉఫ్... ఉఫ్... మధ్యమధ్య మీటలు టిక్కుటిక్కుమంటున్నాయి. స్వరం మాత్రం పుట్టడం లేదు.

ఇదలీనా నడిచేదల్లా ఆగింది. పోర్చుగల్‌లోని అలెంతేజు ఎండకు ఊరంతా తలుపులు మూసుకుని కునుకు తీస్తోంది. ఊరి నడిబొడ్డున బ్యాండు మంటపం మాత్రం మేలుకుని ఉంది. ఎనిమిది ఇనుప స్తంభాల మీద దాని గొడుగు కప్పు. పండుగ రేపే కనుక స్తంభాలకు కాగితం పువ్వులు కట్టేశారు. లోపల ఒంటరిగా, పెద్ద బూరను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పక్కింటి ముసలాయన బెలార్మీను.

ఇదలీనా మెట్లెక్కింది. బ్యాండులో క్లారినెట్ వాయించే ఆమెది ఆయన పక్క కుర్చీయే.

"తాతా, పండుగ కాగితంలో నీ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు బ్యాండు మాస్టారు."

"నాలుగెందుకే? చెప్పులు కుట్టాడు, బూర ఊదాడు. రెండు చాలు."

ఆ రెంటి మధ్యే ఆయన బతుకంతా ఉంది. పగలు సందులోని కొట్టులో సుత్తి చప్పుడు, సాయంత్రాలు ఈ మంటపం. నవంబరులో ఇక్కడే ఊరంతా చేరి చెస్ట్‌నట్లు కాల్చుకుంటుంది. పెళ్ళిళ్ళ డాన్సులూ ఇక్కడే. సైనికుల తుపాకుల్లో జనం ఎర్రపువ్వులు గుచ్చిన విప్లవం ఏడు, ఎవరో ఈయన బూర నోట్లో కూడా ఎర్రపువ్వులు కుక్కితే, ఆయన వాటిని తియ్యకుండానే వాయించాడు.

ఊరేగింపు పాట మధ్యలో బ్యాండంతా ఆగిపోతుంది. ఒక్క బూరే పాడుతుంది. ఆ వంతు ఒకరి నుంచి ఒకరికి ఈ మంటపం మీదే చేతులు మారాలి. బూర ఊదే మూతిని ఊడదీసి, జేబులో వెచ్చబెట్టి, తరవాతివాళ్ళ అరచేతిలో పెట్టాలి. బెలార్మీనుకు బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి అలాగే ఇచ్చాడు. ఆ ఏడే మూడో స్తంభానికి ఆనుకుని ఒక పిల్ల ఉప్పునీళ్ళలో నానిన, శనగల్లాంటి లూపిన్ గింజలు నములుతూ నిలబడింది. బూర ఒంటరిగా పాడేసరికి నమలడం ఆపేసింది. ఆ పిల్లే జుల్మీరా. ఆయనతోనే పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, నెత్తి నెరిసినా, పండుగనాడు ఆమె చోటు ఆ స్తంభమే.

ఇదలీనా గొంతు తగ్గించి అడిగింది. "తాతా, నీ బూర పలకడం లేదు కదూ?"

ఆయన నేలకేసి చూశాడు.

"లిస్బన్ డాక్టరు కొత్త పళ్ళు పెట్టాడు. బ్రెడ్డు నమలడానికి బానే ఉన్నాయి. బూరతోనే పొసగట్లేదు."

"మరి రిహార్సల్లో వినబడేది?"

ఆయన గడ్డంతో చేపల అంగడి వైపు చూపించాడు. అక్కడ బల్ల కడుగుతున్న కితేరియా వీళ్ళను చూసి, ఏప్రానుకు చేతులు తుడుచుకుంటూ ఎక్కి వచ్చింది. బ్యాండులో రెండో బూర ఆమెది, కుర్చీ ఆయన వెనకే.

"ఏంటి బాబాయ్, పక్కింటి పిల్లకి చెప్పేసుకున్నావా?"

"నువ్వు సార్డీన్లు అమ్మినట్టు అరిచి వాయిస్తుంటే చెప్పక చస్తానా? నేను అలా వాయిస్తానటే?"

"నీలా వాయించబట్టే మాస్టారు పట్టుకోలేదు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "రేపూ అంతే. నువ్వు బుగ్గలు పూరించి మీటలు నొక్కు. వెనకనుంచి నేను ఊదుతా. ఎవడికి తెలుస్తుంది?"

బెలార్మీను బూర మీటలు ఒకసారి నొక్కి వదిలాడు. కాగితం పువ్వులు కాస్త కదిలి ఊరుకున్నాయి. బ్యాండు టోపీ, చొక్కా, రేపటి కుర్చీ, అన్నీ ఆయనవే. బుగ్గలు పూరిస్తే చాలు, ఇంకో ఏడాది అన్నీ ఉంటాయి.

ఆయన మూడో స్తంభం వైపు చూశాడు. దాని మొదట్లో నిరుటి లూపిన్ గింజ తొక్క ఒకటి నేల సందులో ఎండిపోయి ఉంది.

"జుల్మీరాకి తెలుస్తుంది," అన్నాడు.

"చెప్పకు."

"చెప్పేదేముందే? ఆవిడ వింటుంది."

బూర మూతిని మెల్లగా తిప్పి ఊడదీశాడు. చొక్కా జేబులో వేసుకుని, పైన అరచెయ్యి పెట్టి వెచ్చబెట్టాడు. తరవాత తీసి కితేరియాకు అందించాడు. ఆమె గబుక్కున లేచి నిలబడింది. చేపల వాసన వేసే చేతిని ఏప్రానుకు మళ్ళీ మళ్ళీ తుడుచుకుని అందుకుంది.

"ఊదనా బాబాయ్?"

"ఇప్పుడు కాదు. రేపు."

రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. చుట్టూ తిరిగి వెళ్ళి మూడో స్తంభం దగ్గర నిలబడి, తల ఎత్తి ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఇదలీనా దిగి ఆయన పక్కకు వెళ్ళింది.

"ఇన్నేళ్ళూ పైనుంచి ఊదటమేగానీ, కిందికి ఎలా వినబడుద్దో నాకు తెలీదే పిల్లా. రేపు మా ఆవిడ పక్కన నిలబడి వింటా. ఆ చేపలదాని పాటకి కూడా ఆవిడ నమలడం ఆపిందో, ఇంటికెళ్ళాక చెప్తా ఆవిడ సంగతి."